ముందు పని గురించి అడుగు, బిడ్డా

బిడ్డా,

అమెరికాలో పెన్సిల్వేనియా బొగ్గుగనుల కుటుంబాల గురించి పుస్తకం రాస్తానన్నావు. చాలా సంతోషమైంది. ముందు వయసు మళ్లినవాళ్లను కలువు. 1959 జనవరి 22న పోర్ట్ గ్రిఫిత్ దగ్గర సస్క్వెహన్నా నది గనిలోకి విరుచుకుపడింది. నది అడుగుకు మరీ దగ్గరగా తవ్వారు. పన్నెండు మంది పోయారు, ఒక్కరి శవమూ దొరకలేదు. అప్పుడు ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు ఎనభై ఐదు దాటాయి. లైబ్రరీలో కాగితాలు ఎక్కడికీ పోవు, తర్వాత చూసుకోవచ్చు.

అయితే వెళ్లగానే ఆ ప్రమాదం ఎత్తకు. ఎత్తితే ఇదివరకు పేపరువాళ్లకు చెప్పిందే నీకూ చెబుతారు. పని గురించి అడుగు. డబ్బాలో ఏం పెట్టుకెళ్లేవారు, లోపల నీళ్లు ఎంతవరకు వచ్చేవి, పైకప్పు కూలేముందు చప్పుడు ఎలా ఉండేది, జీతం రోజు ఇంటికెళ్లే దారిలో ఎక్కడ ఆగేవారు. వాళ్లు చేతులతో చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టాక నువ్వు అడ్డు రాకు.

నువ్వెవరని అడుగుతారు, అడగాలి కూడా. మీ తాత కొత్తగూడెంలో బొగ్గుబాయి పనికి దిగినవాడని చెప్పు. రెండు చోట్లా ఇంట్లో ఆడవాళ్లు షిఫ్ట్ అయిపోయేదాకా టెన్షన్‌తోనే ఉండేవాళ్లు. అంతవరకు చెప్పి ఆపెయ్యి. మన సింగరేణి కథ మొదలుపెడితే వాళ్లు మర్యాదకు వింటూ కూర్చుంటారు, వాళ్ల కథ అక్కడే ఆగిపోతుంది.

ఆడవాళ్లను మాత్రం వదలకు. ఈ విషయంలో నాకు చాలా పట్టుదల. గనులు మూతపడుతుంటే, పోర్ట్ గ్రిఫిత్ ఉన్న ఆ వయోమింగ్ వ్యాలీలో ఎన్నో ఇళ్లను నడిపింది బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసిన ఆడవాళ్లే. మిన్ మాథెసన్ అనే కార్మిక నాయకురాలు 1944 నుంచి అక్కడ వాళ్ల యూనియన్‌ను కట్టింది. భర్త ఇంట్లో దగ్గుతూ ఉంటే పీస్‌ రేటు మీద, అంటే ముక్కకు ఇంత అని కూలికి కుట్టి పిల్లలను చదివించినవాళ్లున్నారు. నువ్వు వెళితే "మా ఆయన్ని అడగండి, నాకేం తెలుసు" అంటారు. ఆయన్ని అడిగాక ఇంకో రోజు వెళ్లి ఆమె ఒక్కదానితో కూర్చో. గంటకు ఎన్ని ముక్కలు కుట్టేదో, సూది వేల్లో దిగితే ఏం చేసేదో అడుగు.

హేజల్టన్ కూడా వెళ్లు. 1897లో దాని పక్కనే లాటిమర్‌లో ఊరేగింపుగా వెళ్తున్న నిరాయుధ కార్మికుల మీద షెరిఫ్ (అక్కడి పోలీసు అధికారి) మనుషులు కాల్పులు జరిపారు. చనిపోయిన పంతొమ్మిది మందీ యూరప్ నుంచి వలస వచ్చినవాళ్లే. ఇప్పుడు హేజల్టన్ ఊళ్లో డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన కుటుంబాలు గోదాముల్లో పనిచేస్తున్నాయి. వాళ్లను రాయకపోతే నీ పుస్తకం సగమే.

ఆల్బమ్‌లు ఇంటికి తెచ్చుకోకు, అక్కడే ఫోటో తీసుకో. 1972 ఆగ్నెస్ తుఫాను వరదలో చాలా ఇళ్లు మునిగాయి, మిగిలిన ఫోటో ఒక్కటైనా వాళ్లకు ప్రాణం. ఫ్రిజ్ చప్పుడుకు దూరంగా కూర్చుని రికార్డ్ చెయ్యి. వాడుకోవడానికి అనుమతి కాగితం మీద తీసుకో, రికార్డింగ్ కాపీ ముందు ఆ ఇంటికే ఇవ్వు. రాసింది చదివి వినిపించు. తీసెయ్యమంటే తీసెయ్యి, ఎంత మంచి పేరా అయినా సరే. వాళ్లు ఒప్పుకుంటే స్క్రాంటన్‌లోని ఆంత్రసైట్ (గట్టి బొగ్గు) మ్యూజియంలో ఒక కాపీ తీసుకుంటారేమో అడుగు.

మొదటి ఇద్దరి మాటలు వాళ్లు విని సరేనన్నాక నాకు పంపు. ఇంకా ఏం అడగాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ