పేరున్న ఆటగాళ్లు కోచ్‌లుగా ఎందుకు తేలిపోతారు?

అడిగినవారి మనసులో ఉన్నది క్రికెట్ అనుకుంటా. నేను మాత్రం ఫుట్‌బాల్ సంగతే చెబుతాను. నా ఇల్లు ఇంగ్లండ్‌లోని డెర్బీలో, ఆఫీసు నాటింగ్‌హామ్‌లో. ఈ రెండు ఊళ్లనూ కలిపే ఏ52 రోడ్డుకు ఒకప్పటి ఫుట్‌బాల్ మేనేజర్ బ్రయన్ క్లఫ్ పేరే పెట్టారు. (మేనేజర్ అంటే మన లెక్కలో కోచే.) రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆ పేరు చూస్తుంటే ఎవరికైనా ఆయన మీద ఒక అభిప్రాయం ఏర్పడుతుంది.

నా అభిప్రాయం ఇది. కడుపునిండా ఆడి రిటైరైనవాడు కోచ్‌గా పనికిరాడు. విస్తరి ముందు నుంచి మధ్యలో లేపేస్తే ఆ ఆకలితో తిరిగేవాడే పనికొస్తాడు.

క్లఫ్ అంటే ఇప్పుడు అందరికీ మేనేజరే గుర్తొస్తాడు. ఆయన స్ట్రైకర్‌గా మిడిల్స్‌బరో, సండర్లాండ్ క్లబ్‌లకు కలిపి 274 లీగ్ మ్యాచ్‌ల్లో 251 గోల్స్ కొట్టాడు. రెండో డివిజన్‌లో కదా అని తీసిపారేసేవాళ్లున్నారు. గోల్‌పోస్టు అక్కడా అంతే వెడల్పు. అంత ఆడినా ఇంగ్లండ్ జట్టులో దక్కినవి రెండే మ్యాచ్‌లు. సెలక్టర్లు ఏ దేశంలోనైనా సెలక్టర్లే.

1962 డిసెంబర్ 26న సండర్లాండ్ రోకర్ పార్క్ మైదానంలో బరీ జట్టుతో మ్యాచ్. మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఆ రోజు వాళ్ల నాన్న పక్కన స్టాండ్‌లో ఉన్నాడు. నేల గడ్డకట్టి గాజులా ఉందట, ఇప్పుడైతే అలాంటి చోట నడవనివ్వరు కూడా అంటాడు. క్లఫ్‌కు 27 ఏళ్లు, ఆ సీజన్ లీగ్‌లో అప్పటికే 24 గోల్స్. ముందుకు వచ్చిన బంతి మీదే చూపు పెట్టి పరిగెత్తాడు. ఎదురుగా గోల్‌కీపర్ కిందికి దూకాడు. కీపర్ భుజం వచ్చి క్లఫ్ మోకాలికి తగిలింది. క్లఫ్ లేవబోయాడు, కాలు నిలబడలేదు. ఆ నేల మీదే మోచేతులతో పాకాడు. బరీ తరఫున ఆడుతున్న బాబ్ స్టోకో, నటిస్తున్నాడని రిఫరీతో అన్నాడట. ఆ మాటను క్లఫ్ జీవితాంతం మరిచిపోలేదు. మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. 1964లో తిరిగొచ్చి మూడు మ్యాచ్‌లు ఆడాడు, అంతటితో సరి.

1965లో, 30 ఏళ్లకే, హార్టిల్‌పూల్స్ అనే అట్టడుగు క్లబ్‌కు మేనేజర్ అయ్యాడు. డబ్బుల్లేని క్లబ్ కాబట్టి జట్టు బస్సు నడపడానికి లైసెన్స్ కూడా తీసుకున్నాడు. ఏ స్టార్ చేస్తాడండీ ఈ పని? తర్వాత డెర్బీని రెండో డివిజన్ నుంచి లేపి 1972లో లీగ్ ఛాంపియన్‌ని చేశాడు. లీడ్స్ క్లబ్‌లో 44 రోజులకే గెంటేశారు. అక్కడ ఉన్నవాళ్లంతా అప్పటికే అన్నీ గెలిచినవాళ్లు మరి! నా సిద్ధాంతం అక్కడా పనిచేసింది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు వచ్చాక 1979లో, 1980లో వరసగా యూరోపియన్ కప్, అంటే యూరప్ క్లబ్‌లకు అన్నిటికన్నా పెద్ద కప్పు. ఆ జట్టులో జాన్ రాబర్ట్‌సన్ అని ఒక వింగర్, అంటే మైదానం అంచున ఆడేవాడు. కాస్త లావు, సిగరెట్లు, నలిగిన బట్టలు. ఇంకెవరైనా ఇంటికి పంపేసేవారు. 1979 ఫైనల్‌లో గోల్‌కు బంతి అందించిందీ, 1980 ఫైనల్‌లో గోల్ కొట్టిందీ అతనే.

ఆదివారాలు మావాణ్ణి ఆటకి తీసుకెళ్తే ఇదే చూస్తాను. వాళ్ల కోచ్ కూడా మోకాలు పోయి మానేసినవాడే. ఎవడు బంతి అంటే జడుస్తున్నాడో గీత దగ్గర నిలబడే కనిపెట్టేస్తాడు, పేరు పెట్టి పిలిచి వాడికే పాస్ ఇప్పిస్తాడు. అవతల తల్లిదండ్రులు మాత్రం ఫైనల్లో ఉన్నట్టు అరుస్తుంటారు. మన తెలుగువాళ్లయితే అరవరు కానీ, పదకొండింటికి మ్యాథ్స్ ట్యూషన్ ఉందని సగంలో పిల్లాణ్ణి లాక్కెళ్తారు. అదింకా టెన్షన్.

కోచ్‌గానూ గెలిచిన డచ్ ఆటగాడు క్రైఫ్ సంగతేంటి, ఆయన పెద్ద స్టారే కదా అని కామెంట్ పెట్టబోతున్నారని తెలుసు. ఉన్నారు, ఒకరిద్దరు ఉంటారు.

అసలు నా బాధ వేరే. క్లఫ్ పక్కన అసిస్టెంట్‌గా పీటర్ టేలర్ లేకపోతే ఈ కప్పుల్లో సగం రావు. ఆటగాళ్లను వెతికి తెచ్చింది ఎక్కువగా ఆయనే. మిడిల్స్‌బరోలో క్లఫ్‌తో ఆడిన గోల్‌కీపర్, పెద్ద పేరేమీ లేదు. డెర్బీ స్టేడియం బయట ఇద్దరికీ కలిపి విగ్రహం పెట్టారు. నాటింగ్‌హామ్ నడిబొడ్డున మాత్రం క్లఫ్ ఒక్కడే నిలబడి ఉంటాడు. ఆఫీసులో ఈ మాటన్నానని ఫారెస్ట్ అభిమాని ఒకాయన నాతో టీకి రావడం మానేశాడు. మానేస్తే మానేయనీ.