ఓకేఆర్‌ల లాంటి పద్ధతులు అన్ని కంపెనీల్లోకీ ఎలా పాకుతాయి? కొన్నే ఎందుకు నిలబడతాయి?

మీ ఆఫీసులో వచ్చే క్వార్టర్ నుంచి ఓకేఆర్‌లు (ప్రతి టీమూ ఒక లక్ష్యం, దాన్ని కొలిచే ఫలితాలు రాసుకుని చివర్లో స్కోరు వేసుకునే పద్ధతి) పెడుతున్నారు, ఇవి అందరికీ ఒకేసారి ఎందుకు పట్టుకుంటాయని అడిగారు. టీమ్ లీడ్‌గా ఇలాంటివి రావడం, పోవడం దగ్గర్నుంచి చూశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

లక్ష్యాలు పెట్టుకుని పని నడపాలన్న మాట పీటర్ డ్రకర్ 1954లోనే చెప్పారు. చిప్‌ల కంపెనీ ఇంటెల్‌ని నడిపిన ఆండీ గ్రోవ్ దాన్ని తన పద్ధతిలో మలిచారు. అక్కడ పనిచేసిన జాన్ డోర్ 1999లో గూగుల్‌కు నేర్పారు. అప్పటికి గూగుల్ చాలా చిన్నది. అది పెద్దదయ్యాక అందరి కళ్లూ దాని మీదే పడ్డాయి. గూగుల్‌ని నిలబెట్టింది సెర్చ్, ప్రకటనలు. వాటిని కాపీ కొట్టడం ఎవరి తరం? ఓకేఆర్ షీటైతే సాయంత్రానికల్లా దించేయొచ్చు.

డిమాజియో, పావెల్ అనే సోషియాలజిస్టులు 1983లో దీనికి మూడు దారులు చెప్పారు: పైనుంచి ఒత్తిడి, ఏం చేయాలో తోచనప్పుడు గెలిచినవాళ్లని అనుకరించడం, ఒకేలాంటి చదువులు చదివిన మేనేజర్లు ఒకేలా ఆలోచించడం. మా దగ్గర మూడూ కలిసొచ్చాయి. కొత్తగా చేరిన వైస్ ప్రెసిడెంట్ పాత కంపెనీ టెంప్లేట్‌తో సహా దిగారు.

పాకడం సరే, వేళ్లూనడం వేరే సంగతి. గూగుల్‌లో 1కి 0.7 స్కోరు వస్తే బాగా చేసినట్టే లెక్క. ఎప్పుడూ 1 వస్తోందంటే లక్ష్యం మరీ తేలికని అర్థం. మా దగ్గర స్కోరుని అప్రైజల్‌కి ముడిపెట్టారు. మొదట్లో ఒక టీమ్ 'కస్టమర్ ఫిర్యాదులు సగానికి తగ్గించాలి' అని రాసుకుంది. స్కోరు తక్కువొచ్చింది, ఆ టీమ్‌కి హైక్ కూడా తగ్గింది. మరుసటి క్వార్టర్లో అదే లైన్ 'ఫిర్యాదులపై రిపోర్టు తయారు చేయాలి' అని మారింది. రిపోర్టు తయారైంది. షీటంతా పచ్చరంగు. ఫిర్యాదులు మాత్రం ఎక్కడివక్కడే. (ఆ రిపోర్టు ఎవరూ తెరిచి చూడలేదని వేరే చెప్పాలా!)

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల జబ్బేమీ కాదు. 1984లో జనరల్ మోటార్స్ (జీఎం), టయోటా కలిసి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక కార్ల ప్లాంట్ మొదలుపెట్టాయి. లోపం కనిపిస్తే కార్మికుడే తాడు లాగి లైన్ ఆపొచ్చు. అక్కడ చేరినవాళ్లలో చాలామంది అంతకుముందు అదే చోట మూతపడ్డ జీఎం ప్లాంట్‌లో పనిచేసినవాళ్లే, అయినా నాణ్యత బాగా పెరిగింది. జీఎం తన మిగతా ప్లాంట్లకు దాన్ని తీసుకెళ్లడానికి మాత్రం ఏళ్లు పట్టింది. తాడు కట్టడానికి ఎంతసేపు? లాగినవాడి మీద సూపర్‌వైజర్ అరవకుండా ఉండటం దగ్గరే వస్తుంది చిక్కంతా.

మా దగ్గర నిజంగా నిలిచింది సపోర్ట్ టీమ్ స్టాండప్ (రోజూ నిలబడే పెట్టుకునే చిన్న మీటింగ్) ఒక్కటే. వాళ్ల బోర్డులో 'ఆగిపోయినవి' అని ఒక గడి ఉండేది. అందులో చీటీ పడితే మేనేజరే అక్కడికక్కడే ఫోన్ తీసి అవతలి డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడేవారు. అది చూశాక జనం ఎవరూ చెప్పకుండానే చీటీలు పెట్టడం మొదలుపెట్టారు. మిగతా టీముల్లో అందరూ మేనేజర్ మొహం చూస్తూ 'నిన్న ఇది చేశాను, ఈరోజు అది చేస్తాను' అని అప్పజెప్పడమే. ఆ వైస్ ప్రెసిడెంట్ వెళ్లిపోగానే అవన్నీ ఆగిపోయాయి.

కాబట్టి మీ మొదటి మీటింగ్‌లో స్కోరుకీ హైక్‌కీ సంబంధం ఉందా అని అడగండి. లేదని మెయిల్లో రాసిస్తే కష్టమైన లక్ష్యం ఒకటి పెట్టి చూడండి. నీళ్లు నమిలితే మీరూ రిపోర్టులే రాసుకోండి, టెన్షన్ ఉండదు.