గత్తం కుప్పలో పాము గుడ్లు.. ఏ ఇంక్యుబేటర్ కొనాలి?

ప్రశ్న: నమస్తే మాస్టారూ, మాది మందస దగ్గర పల్లె. జీడితోటకి తోలుదామని గత్తం (పశువుల ఎరువు) కుప్ప తవ్వుతుంటే తెల్లగా 14 గుడ్లు బయటపడ్డాయి, నాలుగైదు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అక్కడ జెర్రిపోతు తిరగడం మా నాన్న చూశాడంట. ఫారెస్టు వాళ్లకి ఫోన్ చేస్తే వచ్చి చూశారు. గత్తం సగం తోలేశాం కదా, పాములు పట్టే మా ఫ్రెండు దగ్గర పిల్లలయ్యేదాకా పెట్టించి తర్వాత వదిలేద్దాం అంటున్నారు. ఆన్‌లైన్లో కోడిగుడ్ల ఇంక్యుబేటర్లు మూడు నాలుగు వేలకి ఉన్నాయి, గుడ్లు వాటంతట అవే తిప్పుతాయంట. అది కొనేయమంటారా, తక్కువలో మేమే ఏదైనా చేసుకోవచ్చా? ఏటి చెయ్యాలి?

జవాబు: కొనకు తమ్ముడూ, డబ్బులు దండగ, గుడ్లూ పోతాయి. కోడిగుడ్డుకి 37.5 డిగ్రీలు కావాలి, పాము గుడ్డుకి 28 నుంచి 30 చాలు. ఇక ఆ తిప్పుడు మెషిన్ అయితే మరీ ప్రమాదం, ఎందుకంటే పాము గుడ్డు పెట్టిన ఒకట్రెండు రోజులకే లోపలి పిండం పెంకుకి అతుక్కుని కుదురుకుంటుంది, తర్వాత తిరగేస్తే చచ్చిపోతుంది. అందుకే గుడ్డు ఎలా పడుందో అలాగే, పైవైపు పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి తియ్యాలి. అతుక్కున్నవి విడదీయొద్దు, ముద్దగానే ఎత్తండి.

ముందు ఒక మాట, ఫారెస్టు వాళ్లు నోటితో చెప్పింది సరిపోదు, రేంజ్ ఆఫీసు నుంచి కాగితం రాయించుకోండి. 1972 వన్యప్రాణి చట్టంలో పాము గుడ్లు కదిలించడం, పాడు చెయ్యడం కూడా వేట కిందకే వస్తుంది. అసలు సగం కుప్ప మిగిలే ఉందంటున్నావు, ఆ గత్తం ఇంకో రెండు నెలలు ఆపుకోగలిగితే దాన్ని మించిన ఇంక్యుబేటర్ లేదు, అదే మాట వాళ్లతో ఇంకోసారి అడిగి చూడు.

కుదరదంటే చేపల కొట్లో థర్మాకోల్ పెట్టె అడుగు, చాలామంది ఊరికే ఇచ్చేస్తారు. ఉప్పూ నీచూ పోయేలా కడిగి ఎండబెట్టు. దాన్లో పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, మూత గట్టిగా పడేది, పక్కన కాల్చిన సూదితో నాలుగైదు చిల్లులు, అంతే. ఉద్దానంలో కొబ్బరి పీచు పొట్టుకి కరువు లేదు కాబట్టి వర్మిక్యులైట్ (గుడ్ల కింద వేసే, తేమ నిలిపే ఖనిజపు పొట్టు) కొనక్కర్లేదు, కాకపోతే పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్లు మార్చి కడగాలి. తడి ఎంతంటే, గుప్పిట్లో గట్టిగా పిండితే ముద్ద అవ్వాలి, చుక్క కారకూడదు. అందులో గుడ్లు సగం మునిగేలా పెట్టి మూత వేసెయ్.

ఇంటర్నెట్లో ఎక్కడ చూసినా హీటర్, వేడి, వేడి అనే రాస్తారు, అవి చలి దేశాల వాళ్లు రాసుకున్నవి. మన దగ్గర మే నెలలో రేకుల షెడ్డు మధ్యాహ్నం 40 కూడా దాటేస్తుంది, మన బాధ చల్లగా ఉంచడమే. 33, 34 మీద రోజుల తరబడి ఉంటే పిండాలు పోతాయి, బతికినవాటికి వెన్ను వంకర తిరుగుతుంది. పెంకుటింట్లో లోపలి గది, నేల మీద, కిటికీకి దూరంగా పెట్టండి. వైరున్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొను, దాని మొన గుడ్ల పక్కనే పెట్టు, ఖర్చు పెట్టాల్సింది దాని మీదే. వానాకాలం రాత్రి 26కి దిగితే కంగారు పడకు, పిల్లలు కొంచెం ఆలస్యంగా వస్తాయి అంతే.

ముసురు పట్టి మరీ చల్లబడితే మాత్రం పెట్టె అడుగున నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, చేపల తొట్టె హీటర్ పూర్తిగా మునిగేలా వేసి 30కి పెట్టి, నీళ్లలో ఇటుకలు పేర్చి వాటి మీద డబ్బా ఉంచు. కరెంటు పోయినా ఆ నీళ్లు కొన్ని గంటలు వేడి నిలుపుతాయి. బల్బు వద్దు, గుడ్లు ఎండిపోతాయి. డబ్బా మూత మీద చెమట పట్టి గుడ్ల మీద కారకుండా ఒకవైపు ఎత్తుగా ఉంచు.

ఇంక చీమలు! మన ఇళ్లల్లో పాము గుడ్లకి అసలు శత్రువు అవే. పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో ఇటుక, దాని మీద పెట్టె.

వారానికోసారి మూత తీసి గాలి మార్చు. గుడ్డు సొట్ట పడితే పొట్టు తడుపు, గుడ్డు మీద నీళ్లు పొయ్యకు. చివరి వారంలో సొట్ట మామూలే. చీకట్లో ఫోన్ టార్చి పక్కన పెడితే ఎర్రటి నరాలు కనిపిస్తాయి, బతికే ఉందని లెక్క. సుమారు రెండు నెలలకి పిల్ల పెంకు చీల్చుకుని తల బయట పెట్టి ఒకరోజు అలాగే ఉండిపోతుంది, లాగొద్దు.

ఒక్కటి మాత్రం ఖాయంగా గుర్తుపెట్టుకో, గుడ్డు చూసి జెర్రిపోతుదో నాగుపాముదో చెప్పడం కష్టం, మీ నాన్న చూసింది పామునే కదా, గుడ్లు పెడుతుంటే కాదు. నాగు పిల్లకి పుట్టిన రోజు నుంచే విషం ఉంటుంది, పెన్సిల్ పట్టే సందులోంచి కూడా జారిపోతుంది. కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు, నాగువే అనుకుని డబ్బాకి క్లిప్పులు పెట్టండి.

ప్రశ్న: సార్, కళింగపట్నం బీచ్‌లో తాబేలు గుడ్లకి వేడి ఎక్కువైతే ఆడపిల్లలు పుడతాయంటారు, పాములకీ అంతేనా? (విజయనగరం నుంచి డిగ్రీ స్టూడెంట్)

జవాబు: ఆలివ్ రిడ్లేకి, అంటే మన బీచ్‌లో గుడ్లు పెట్టే ఆ సముద్రపు తాబేలుకి, నిజమే. పాములకి అలా ఉండదు, మనకిలాగే క్రోమోజోములే తేలుస్తాయి, వేడి మార్చినా ఆడా మగా మారవు.

ప్రశ్న: రక్తపింజర గుడ్లు ఎలా ఉంటాయి మాస్టారూ? (బొబ్బిలి)

జవాబు: పెట్టదమ్మా, నేరుగా పిల్లల్నే కంటుంది. పొలంలో గుడ్లు దొరికితే అవి పింజరవి మాత్రం కావు.