సీయూఈటీలో ఎన్ని సబ్జెక్టులు రాయాలి? ఐదు రాసిన నా అనుభవం

మీ చెల్లి సీఈసీ రెండో సంవత్సరం చదువుతోంది, ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ పొలిటికల్ సైన్స్ చేయాలనుకుంటోంది. సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ ఫారంలో ఐదు సబ్జెక్టుల దాకా పెట్టొచ్చు కదా, ఐదూ పెట్టెయ్యమని అందరూ అంటున్నారు, పెట్టాలా అని అడిగారు. నాదీ సీఈసీయే, ఖమ్మం జిల్లానే. 2025లో ఐదూ పెట్టి, ఐదూ రాశాను. మళ్లీ రాయాల్సి వస్తే నాలుగే పెడతాను.

ఆ రోజు నెట్ సెంటర్‌లో మా నాన్న పక్కన కూర్చుని ఫారం నింపాను. మాది ఓబీసీ నాన్ క్రీమీలేయర్. అప్పటి ఫీజు మూడు సబ్జెక్టులకు 900 రూపాయలు, ఆపైన ఒక్కోదానికి 375. అంటే ఐదుకు 1650. "ఇంకో 375తో ఇంకో అవకాశం వస్తుందంటే ఎందుకు వదలాలి?" అన్నాడు నాన్న. నాకూ నిజమే అనిపించింది. ఇంగ్లిష్, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, జనరల్ ఆప్టిట్యూడ్ టెస్ట్ పెట్టాను. ఆ చివరిది ఎందుకంటే, వేరే రాష్ట్రంలో ఒక సెంట్రల్ యూనివర్సిటీ కోర్సుకు అది అడిగారు. అక్కడ సీటొచ్చినా వెళ్తానా అని ఆ రోజు నన్ను నేను అడగలేదు. వెళ్లేదాన్ని కాదు.

అసలు ఖర్చు 375 కాదు, సమయం. మన ఇంటర్ బోర్డు పుస్తకాలు వేరు, సీయూఈటీలో అడిగేది ఎన్‌సీఈఆర్‌టీ, అంటే కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ, పన్నెండో తరగతి సిలబస్. సివిక్స్‌లో నాకు మంచి మార్కులొచ్చాయి కాబట్టి పొలిటికల్ సైన్స్ తేలికే అనుకున్నాను. పుస్తకాలు తెరిచాక గుండె జారింది. మనం రెండో సంవత్సరంలో చదివేది రాజ్యాంగం, ప్రభుత్వం, శాసనసభ. అక్కడ ఉన్నవి రెండు పుస్తకాలు: ఒకటి సోవియట్ యూనియన్ పతనం నుంచి నడిచే ప్రపంచ రాజకీయాలు, రెండోది స్వాతంత్ర్యం తర్వాత మన దేశ రాజకీయ చరిత్ర. దాదాపు అంతా కొత్తగా చదవాల్సిందే. ఎకనామిక్స్ కొంచెం నయం. రెండో సంవత్సరం భారత ఆర్థిక వ్యవస్థ పనికొస్తుంది, కానీ మైక్రో, మాక్రో కోసం మొదటి సంవత్సరం పుస్తకం మళ్లీ దుమ్ము దులపాలి. బిజినెస్ స్టడీస్ మన కామర్స్‌లో సగమే. అకౌంట్స్ ఇంకో సగం, అది సీయూఈటీలో విడిగా అకౌంటెన్సీ పేరుతో ఉంటుంది.

ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి. 2025లో సీయూఈటీ మే 13న మొదలైంది. చేతిలో ఉన్నది ఏడెనిమిది వారాలు. ఆ వారాల్ని నేను ఐదు ముక్కలు చేశాను. సాయంత్రాలన్నీ జనరల్ టెస్టులోని లెక్కలకీ రీజనింగ్‌కీ పోయాయి. లెక్కలు వదిలేసి రెండేళ్లైన నాకు శాతాలు, లాభనష్టాలు మళ్లీ పట్టుబడటానికే నెల పట్టింది. అదే నెల పొలిటికల్ సైన్స్‌కు ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో! ఒక్కో పేపర్‌లో 50 ప్రశ్నలు, గంట సమయం, ఒప్పుకు 5, తప్పుకు మైనస్ 1, మొత్తం 250. ఆ గంటలో సగం గుర్తున్న చదువుతో కూర్చుంటే ఒక్కో ప్రశ్న దగ్గర చెయ్యి వణుకుతుంది. బిజినెస్ స్టడీస్‌లో నాకు 131 వచ్చాయి. తలచుకుంటే ఇప్పటికీ బాధే.

అందుకే ఎన్ని అనే ప్రశ్నను పక్కన పెట్టి, ముందు ఏ కోర్సు, ఎక్కడ అన్నది కాగితం మీద రాయించండి. లెక్క అక్కణ్నుంచే వస్తుంది. నేను రాసిన ఏడాది ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ కోర్సులు చాలావాటికి రెండు దారులుండేవి: ఒక భాష, మూడు సబ్జెక్టులు, లేదా రెండు భాషలు, రెండు సబ్జెక్టులు. ఎలా చూసినా నాలుగు పేపర్లు, వెయ్యి మార్కులు. మూడే రాస్తే ఆ తలుపు మూసుకున్నట్టే, కాబట్టి మూడు చాలవు.

ఇక్కడే నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. సీయూఈటీలో ఉన్న 13 భాషల్లో తెలుగు కూడా ఒకటి. నా ఇంటర్ సెకండ్ లాంగ్వేజ్ తెలుగే. ఇంగ్లిష్, తెలుగు, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్ పెట్టుకుంటే నాకు సరిగ్గా సరిపోయేది. భాషా పేపర్‌లో ఎక్కువగా ఇచ్చిన పేరా చదివి జవాబులివ్వడం, పదాలు, వాటి అర్థాలు ఉంటాయి. మా క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి ఇవే నాలుగు పెట్టింది. నాలుగింటి మొత్తంలో నాకన్నా బాగా ముందుంది, ఏప్రిల్ అంతా హాయిగా నిద్ర కూడా పోయింది. మీ చెల్లి సెకండ్ లాంగ్వేజ్ తెలుగైతే ఇది తప్పకుండా చూడండి. మార్కుల కోసం సంస్కృతం తీసుకుని ఉంటే మాత్రం ఒక భాష, మూడు సబ్జెక్టుల దారే పట్టుకోండి.

ఇంకో జాగ్రత్త. 2025 నుంచి ఇంటర్‌లో చదవని సబ్జెక్టు కూడా సీయూఈటీలో రాయొచ్చని ఆ పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ చెప్పింది. అది విని కొందరు సైకాలజీ లాంటివి పెట్టేశారు. కానీ పన్నెండో తరగతిలో చదివి పాసైన సబ్జెక్టులోనే సీయూఈటీ రాయాలన్నది ఢిల్లీ యూనివర్సిటీ నియమం. చదవని సబ్జెక్టులో ఎంత స్కోరొచ్చినా అక్కడ పనికిరాదు. మన మెమోలో సివిక్స్ అని ఉంటుంది, ఫారంలో పొలిటికల్ సైన్స్ అని ఉంటుంది. ఆ పేర్ల తేడా చూసి కంగారు పడొద్దు, అయినా యూనివర్సిటీ బులెటిన్‌లో దగ్గరి సబ్జెక్టుల గురించి ఏం రాశారో ఒకసారి చదవండి.

ఐదోది అసలు వద్దనను. ఒక పేపర్ పాడైతే ఇంకోటి ఆదుకుంటుందన్న మాట నిజమే, అది ఇంటర్‌లో ఇష్టంగా చదివిన సబ్జెక్టు అయితే. లేదా మీ చెల్లి నిజంగా వెళ్లి చేరే ఇంకో యూనివర్సిటీ, ఉదాహరణకి హెచ్‌సీయూ, తన కోర్సుకు దాన్ని అడిగితే పెట్టాల్సిందే. అందుకని తను అనుకున్న ప్రతి కోర్సుకూ ఆ యూనివర్సిటీ ఈ ఏడాది ఇచ్చిన సబ్జెక్టుల జాబితా చూశాకే ఫారం తెరవండి. తొందరలో తప్పు పెట్టినా మాకు సవరణకు రెండు మూడు రోజులిచ్చారు. నేను ఆ రోజుల్ని కూడా వాడుకోలేదు.

నాకు పొలిటికల్ సైన్స్ సీటైతే వచ్చింది, మొదట రాసుకున్న కాలేజీలో మాత్రం కాదు. మీ చెల్లికి ఇంకా టైముంది. ఇంటర్ సిలబస్‌తో పాటే ఆ రెండు పొలిటికల్ సైన్స్ పుస్తకాలు వారానికో అధ్యాయం చొప్పున ఇప్పుడే మొదలుపెట్టమనండి. ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అచ్చు పుస్తకాలే కావాలంటే నావి మా ఇంట్లో బీరువా మీద ఉన్నాయి, మార్జిన్లలో నా రాతలతో సహా తీసుకోవచ్చు.