స్మార్ట్ ప్లగ్గు దేనికి, దేనికి వద్దు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బరంపురంలో ఉన్న మా అబ్బాయి నాలుగు స్మార్ట్ ప్లగ్గులు (ఫోన్‌తోనే ఆన్, ఆఫ్ చేసేవి) పంపాడు, కరెంటు బిల్లు తగ్గుతుందట. మా ఆయనేమో డబ్బు దండగంటారు. ఎవరి మాట వినమంటారు? – ఒక గృహిణి

జవాబు: ఇద్దరిదీ సగం సగం వినండమ్మా. ముందు ప్లగ్గు మీద ఏం రాసుందో చూడండి. 16 యాంపియర్లు అని ఉంటేనే గీజర్‌కు పెట్టండి. 6, 10 అని ఉంటే వద్దే వద్దు. కరిగి గోడకు అంటుకుపోయిన ప్లగ్గులు ఈ చేతులతోనే పీకాను. 2000 వాట్ల గీజర్ గంట కాగితే 2 యూనిట్లు. నీళ్లు కాగాక అదే ఆగుతుంది, నిజమే. కానీ స్విచ్ వేసి మరిచిపోతే, చల్లారినప్పుడల్లా మళ్లీ కాస్తూనే ఉంటుంది. ఫోన్‌లో అరగంటకు టైమర్ పెట్టేయండి. మీకు మిగిలేదంతా అక్కడే.

టీవీకీ సెట్‌టాప్ బాక్సుకూ కలిపి ఇంకొకటి పెట్టి, చూడనప్పుడు ఆపేయండి. చార్జర్లకు అనవసరం, ఆ ప్లగ్గు కూడా వైఫై కోసం రోజంతా కాస్త కరెంటు తాగుతుంది. సీలింగ్ ఫ్యాన్‌కు ప్లగ్గు కుదరదు. 75 వాట్ల పాతది తీసి, 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న) ఫ్యాన్ వేయించండి. ఫ్రిజ్ జోలికి మాత్రం పోకండి, రాత్రి ఆపితే పొద్దున చేపలు పారేయాలి.