రాళ్లకంటే ముందు రైతును పలకరించు

శ్రావణీ,

నువ్వు పురావస్తు పరిశోధన కోసం నారాయణపేట జిల్లా కృష్ణ మండలం ఊళ్లు తిరగబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో ఇంకొకరికి ఈ పని మీద మనసు పోయిందని ఎంత సంతోషమైందో! కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

నీళ్లు, టోపీ, బూట్లు నీకు తెలియనివి కావు. అనుమతి కాగితం జిరాక్సులు దగ్గర పెట్టుకో. ఊళ్లో దిగగానే సర్పంచును కలువు.

ముడుమాల్‌లో వేల ఏళ్లనాడు మనుషులు నాటిన నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాక అందరి చూపూ అటే. పది, పద్నాలుగు అడుగుల రాళ్లు, ఒక బండమీద సప్తర్షి మండలమని చెప్పే గుంటలు. తప్పక చూడు. వాటిలో ఒక రాయిని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు. అక్కడికి చెప్పులు విప్పి వెళ్లు, టేపు పట్టేముందు అడుగు.

మిగతా ఊళ్లలో గొర్లకాపరులే నీకు దిక్కు. పాటిగడ్డ (పాత ఊరి దిబ్బ) ఎక్కడ, బూడిదగడ్డ ఎక్కడ, రాకాసిగుళ్లు (పాతకాలపు రాతి సమాధులు) ఎక్కడ అని అడుగు. ఉట్నూరు బూడిద దిబ్బ (మన పాలమూరుది, ఆదిలాబాదుది కాదు) 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వేదాకా ఏమిటో సరిగ్గా తేలలేదు. కొత్త రాతియుగం పశువుల దొడ్డిలో పేడ మళ్లీ మళ్లీ కాలి దిబ్బయింది. ఆ పొరల్లో పశువుల గిట్టల గుర్తులు కూడా దొరికాయి. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి.

మేం సర్వేకి తిరిగే రోజుల్లో ఒక ఊరి చివర రైతు చేలో రాతివలయాలు ఉండేవి. తాత, తండ్రి, తను, ముగ్గురూ వాటిని వదిలి చుట్టూ దున్నుకున్నారు. అవేమిటో ఆయనకు తెలియదు. పెద్దలు ముట్టుకోవద్దన్నారు, అంతే. మాతో వచ్చిన ఒక కుర్రాడు చాయ్ హోటల్లో కూర్చుని, అవి సమాధులని, లోపల కుండలు, ఇనుప కత్తులు, పూసలు ఉంటాయని ఉత్సాహంగా చెప్పాడు. అబద్ధమేమీ చెప్పలేదు. కానీ ఆ మాట పక్క ఊరు చేరేసరికి పూసలు బంగారమయ్యాయి. కొన్నాళ్లకు ఎవరో రాత్రిపూట గడ్డపారలతో ఒక సమాధి మూతబండ లేపేశారు. నలుపు ఎరుపు కుండల పెంకులు, ఎముకలు చేనంతా చిందరవందర. పోలీసులు ముందు పిలిచింది ఎవరినో తెలుసా? ఆ రైతునే! గుప్తనిధులు తీశావా అని రెండుసార్లు స్టేషనుకు తిప్పారు. వానలు పడకముందే ఆయన మిగిలిన వలయాల రాళ్లన్నీ ట్రాక్టరుతో లాగించి గట్టుమీద పారేశాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. మూడు తరాలు కాపాడినదాన్ని మన వల్ల వదిలించుకున్నాడు.

అందుకని, లోపల ఏముంటుందో అడిగినా హోటల్లో చెప్పకు. చేనిగలాయన ఇంటికి వెళ్లి, ఇంట్లో ఆడవాళ్లు కూడా ఉండగా, నెమ్మదిగా చెప్పు. నువ్వు రాసుకున్నంత మాత్రాన భూమి పోదని చెప్పు. రక్షిత కట్టడంగా ప్రకటిస్తే ఏ నిబంధనలు వస్తాయో అదీ దాచకుండా చెప్పు. భూమిలో విలువైనది దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నుంచీ చట్టం ఉంది, దాన్నీ మరువకు. ఫోటోలు లొకేషనుతో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టావో, నేనే వచ్చి ఫోన్ లాక్కుంటాను! కోప్పడుతున్నానని అనుకోకమ్మా. ఆ ఊళ్లలో కొత్తవాళ్లు రాళ్ల దగ్గర కనబడితే నిధులవాళ్లే అనుకుంటారు. ఆడపిల్లవు, ఒక్కదానివి, పొద్దుగూకాక చేలల్లో ఉండొద్దు. ఊళ్లో ఒకరిని తోడు తీసుకుపో, కూలి ఇవ్వు, నీ రిపోర్టులో వాళ్ల పేరు రాయి.

పని ముగిశాక ఆ రిపోర్టును తెలుగులో నాలుగు పేజీలుగా రాసి ఊరి బడిలో ఇచ్చిరా. రాయడానికి సాయం కావాలంటే నేనున్నాను. వెళ్లేముందు ఒకరోజు ఇక్కడ ఆగు, మీ పెద్దమ్మ జొన్నరొట్టెలు కట్టిస్తానంటోంది.

మీ పెదనాన్న