ఎడమ పేజీ మాత్రమే బజారుకెళ్లాలి

కావలి

చిరంజీవి పాపకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. నువ్వు మద్రాసులో ఉద్యోగం మానుకుని నెల్లూరు వచ్చేశావనీ, అక్కడి ఐదు దుకాణాల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు నడిపే పని ఒప్పుకున్నావనీ చెప్పాడు. ఆ మాట విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన ఇంట్లో అచ్చుపని నాతోనే ఆగిపోయిందనుకున్నాను. కాగితం లేదన్న మాటే గాని, నువ్వు చేయబోయేది అచ్చుపనే. ఆ తర్వాత వాడు ఇంకొక మాట అన్నాడు. "ట్రెల్లో అనే పనుల బోర్డులో పని కార్డుగా రాసుకుంటే చాలంట అన్నా, జాపియర్ అనేదొకటి దాన్ని తీసుకెళ్లి పేజీలో వేసేస్తుందంట, పాప చెయ్యి కూడా పెట్టబన్లేదంట" అన్నాడు. ఆ చివరి మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. 2019లో అదే మాటను అంతే గొప్పగా నేను మీ పెద్దమ్మతో అన్నాను.

నీకు తెలిసిన సంగతులను తొందరగా దాటేస్తాను. ట్రెల్లోలో కార్డు ఒక జాబితా నుంచి మరొక జాబితాకు జరిగితే అది గంట కొట్టినట్టు. ఆ గంట విని జాపియర్ కార్డులోని మాటలనూ బొమ్మనూ తీసుకెళ్లి పేజీలో పెడుతుంది. మనిషి సొంత ప్రొఫైలుకు ఈ దారి లేదు, 2018 ఆగస్టులోనే ఫేస్‌బుక్ దాన్ని మూసివేసింది; కాబట్టి ప్రతి దుకాణానికీ పేజీ ఉండాలి, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను బిజినెస్ ఖాతాగా మార్చుకోవాలి. ఎవరి పాస్‌వర్డూ అడగవద్దు, పేజీకి నిన్ను అడ్మిన్‌గా చేర్చమని చెప్పు. జాపియర్ ఉచిత ఖాతాలో నెలకు 100 పనులే జరుగుతాయి. ఐదు దుకాణాలకు రోజుకొక పోస్టు చొప్పున రెండు చోట్ల వేస్తే నెలకు 300 అవుతాయి. అంటే డబ్బు కట్టే ఖాతా కావాలి, ఆ ఖర్చును బేరం కుదిరేటప్పుడే కలుపుకో. డబ్బు దగ్గర నువ్వు మీ నాన్న లాగే మొహమాటపడతావని తెలిసే ఇది రాస్తున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రెస్సు నడిచిన రోజుల్లో మా బల్ల మీద పొడుగాటి ఆర్డరు పుస్తకం ఒకటి ఉండేది, నీకు గుర్తుండే ఉంటుంది. దానిలో ఎడమ పేజీ మేటరుకు: అచ్చు కావలసిన మాటలు, సైజు, రంగు, ఎన్ని కాపీలు. కుడి పేజీ నాకు: అడ్వాన్సు ఎంత, బాకీ ఎంత, మనిషి ఎలాంటివాడు, ఎన్నిసార్లు తిప్పించుకున్నాడు. కంపోజిటరు ఎడమ పేజీ చూసే అక్షరాలు పేర్చేవాడు. ముప్పై ఏళ్లలో కుడి పేజీ మాట ఒక్కటి కూడా అచ్చులోకి పోలేదు. మధ్యలో ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషి తర్వాత, తప్పులు చూసుకోవడానికి ముందుగా తీసే ప్రూఫు ఉంది.

ఫ్లెక్సీలూ వాట్సాప్ పత్రికలూ వచ్చి ప్రెస్సుకు పని తగ్గాక నేను నాలుగు దుకాణాల పేజీలు చూడసాగాను. ట్రెల్లో కార్డుకు ఎడమ, కుడి లేవు. నేను వాడింది పైన పేరు, కింద వివరణ అనే ఒక్క గడి, అంతే. చేతికున్న అలవాటు కొద్దీ నేను ఆ ఒక్క గడిలోనే రెండు పేజీలూ రాసేవాణ్ణి. పైన ప్రకటన మాటలు రాసి, ఒక గీత గీసి, గీత కింద నా లెక్కలు రాసుకునేవాణ్ణి. చేత్తో కాపీ చేసి పేజీలో అతికించినన్నాళ్లూ గీత దగ్గర నా వేలు ఆగేది. జాపియర్‌కు కలిపిన రోజున, పోస్టులో ఏ గడి వెయ్యాలని అది అడిగితే, వివరణ అని నొక్కాను. ఆ గీత అర్థం నాకు తప్ప ఎవరికీ తెలియదన్న ఊహ నాకు రాలేదు.

దసరాకు పది రోజుల ముందు, రాత్రి అన్నం తిని, ఒక బట్టల దుకాణం కార్డును ఫోనులో వేలితో జరిపి పడుకున్నాను. తెల్లవారి టీ బంకు దగ్గరికి వెళితే ఇద్దరు కుర్రాళ్లు ఫోను చూసి నవ్వుతున్నారు. పట్టుచీర బొమ్మ, పండగ తగ్గింపు ధరలు, ఒక గీత, దాని కింద నా మాటలు: "బాకీ 6,500. మూడుసార్లు అడిగినా చెవినబెట్టలేదు. కొడుకుతో చెప్పించాలి." ఆ పెద్దమనిషి దుకాణం పేజీలోనే, ఆయన పేరు మీదే, రాత్రంతా అది ఉంది. పోస్టు తీసేశాను, కానీ అప్పటికే దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేశారు.

దుకాణం తెరిచేవేళకు వెళ్లాను. ఆయన గజంబద్దతో జాకెట్టు గుడ్డ కొలుస్తున్నాడు. కొలిచి, కత్తిరించి, మడత పెట్టి, బేరానికొచ్చిన ఆవిడను పంపించేదాకా నా వైపు చూడలేదు. తర్వాత గల్లా తెరిచి పదమూడు ఐదువందల నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, "రసీదు రాయి" అన్నాడు. నేను క్షమాపణ మొదలుపెట్టబోతే, "కంప్యూటరు చేసిందిలేవయ్యా" అన్నాడు. అది ఆయన నా మీద చూపిన దయ. కంప్యూటరు ఏమీ చేయలేదు పాపా, నేను రాసిన దాన్ని నేను పంపమన్న చోటికి పంపింది. ఆ రసీదు మీద నా సంతకం వంకరగా పడింది. ఆయన తర్వాత నాకు పని ఇవ్వలేదు. వాళ్ల ఇంట్లో పెళ్లికి పత్రిక మాత్రం అందరితో పాటు నాకూ పంపాడు, అది వేరే ప్రెస్సులో అచ్చు వేయించింది.

నువ్వు నవ్వి "నేను అలా రాయను పెదనాన్నా" అంటావు. రాస్తావు. పని ఎక్కువైన రాత్రి ఎవరైనా రాస్తారు. కాబట్టి పోస్టులు బయలుదేరే బోర్డును పూర్తిగా వేరుగా పెట్టు. బాకీలు, ఫోను నంబర్లు, ఎవరు కోపిష్టి, ఎవరు మంచివాడు అనే మాటలు వేరే బోర్డులో ఉండాలి. ఆ బోర్డుకు జాపియర్‌తో చుట్టరికం కలపనే కూడదు. ఎవరూ చూడని ఉత్తుత్తి పేజీ ఒకటి తెరిచి, మొదటి పది రోజులు అన్నీ దానిలోకే పంపు. అదే నీ ప్రూఫు. తర్వాత కూడా కార్డు జరిపే పని నీ చేతిలోనే ఉంచుకుని, జరిపే ముందు బయటికి చదువు. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది. నువ్వు ఆరో తరగతిలో ఉండగా ట్రెడిల్ మిషను పక్కన పీట మీద కూర్చుని ఒక పెళ్లి పత్రిక పైకి చదువుతూ, ఆ తేదీకి ఆ వారం రాదని పట్టుకున్నావు. ఆ రోజు నిలిపివేసిన 500 పత్రికల పని తలచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

వారం, తేదీ అంటే గుర్తొచ్చింది. కార్డుకు ముందే తేదీ, సమయం పెట్టి పంపేటట్టయితే, ట్రెల్లోలోనూ జాపియర్‌లోనూ గడియారం మన దేశానిదేనా అని చూసుకో. అది గ్రీనిచ్ సమయంలో ఉంటే ఐదున్నర గంటలు తేడా వస్తుంది. పొద్దున 6:30కి పడాల్సిన హోటలు వాళ్ల ఇడ్లీ పోస్టు మధ్యాహ్నం 12 గంటలకు, జనం భోజనానికి కూర్చునేవేళ పడుతుంది. దుకాణాల వాళ్లు డీటీపీ సెంటరు నుంచి తెచ్చే మేటరు చాలావరకు 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంటుల్లో ఉంటుంది, దాన్ని అలాగే అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. ఏ ఫోనులోనైనా తెలుగు సరిగా కనబడే యూనికోడ్‌లోకి మార్చనిదే కార్డులో పెట్టవద్దు. ఎవరైనా పాస్‌వర్డు మార్చితే లంకె చప్పుడు లేకుండా తెగిపోవచ్చు, సోమవారం సోమవారం ఒకసారి చూసుకో.

నన్నడిగితే నువ్వు ఈ పనిని అటునుంచి మొదలుపెట్టమంటాను. ఫేస్‌బుక్ ప్రకటన కింద జనం పేరూ నంబరూ నింపే ఫారాలను జాపియర్ ట్రెల్లోకి కార్డులుగా తేగలదు. ఆ దారిలో పొరపాటు జరిగినా అది నీ బల్ల మీదే పడుతుంది గాని బజారులో పడదు. పైగా నెల్లూరు వ్యాపారికి పోస్టు ఆలస్యమైందన్న బాధ కంటే, అడిగిన మనిషికి ఎవరూ ఫోను చేయలేదన్న నష్టమే పెద్దది. అయితే పేజీలో పడిన ప్రతి పోస్టునూ కార్డుగా మార్చి, ఆ కార్డు మళ్లీ పోస్టు అయ్యే జాబితాలోకి పంపేవు సుమా. గానుగెద్దులా అది తిరుగుతూనే ఉంటుంది.

వానల సంగతి కూడా రాయాలి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన రోజుల్లో, కోవూరు వైపు జనం ఇళ్లెక్కి కూర్చుని ఉంటే, నేను వారం ముందు తేదీ పెట్టి ఉంచిన సోఫాల ప్రకటన బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ఇంట్లో కరెంటు లేదు, ఫోనులో చార్జింగు కొంచెమే ఉంది; మీ పెద్దమ్మ టార్చి పట్టుకుంటే దాన్ని ఆపాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను హెచ్చరిక వినగానే, కరెంటు పోకముందే, అన్నిటినీ ఆపివేయి. ఎక్కడ ఆపాలో మీ నాన్నకు కూడా నేర్పు.

మీ నాన్న ఆదివారం ఇటు వస్తానన్నాడు. ఆ పాత ఆర్డరు పుస్తకాల్లో ఒకటి అతని చేతికిచ్చి పంపుతాను. దానిలో రసీదు కార్బన్ కాపీ ఒకటి మడిచి ఉంటుంది, దాన్ని ఉన్నచోటే ఉంచు. మొదటి నిజమైన పోస్టు పంపే ముందు నాకు ఫోనులో పెట్టు. రాత్రి ఎన్ని గంటలైనా సరే, అద్దాలు పెట్టుకుని చదివి చెబుతాను.

ఇట్లు
మీ పెదనాన్న